రూపాయికి రెండు ప్రాణాలు



రేడియోలో బొమ్మ చూపించలేను కాబట్టి ముందుగా ఒక చప్పుడు వినిపిస్తాను. నోటితోనే. డుమ్... డుమ్... డుమ్... డుమ్. నాలుగే స్వరాలు, మెట్లు దిగుతున్నట్టు ఒకదాని కింద ఒకటి. మొదట్లో నింపాదిగా ఉంటుంది. కాసేపటికి ఆ మెట్లు దిగే మనిషికి ఏదో కంగారు పుట్టినట్టు, ఇంకాసేపటికి పరుగు అందుకున్నట్టు అనిపిస్తుంది. ఆఖర్న ఆ చప్పుడూ మన గుండే ఒకే లెక్కన కొట్టుకుంటాయి.

1978లో జపాన్‌లో టైటో కంపెనీ తెచ్చిన స్పేస్ ఇన్వేడర్స్ అనే వీడియో గేమ్ చప్పుడు అది. తెర మీద 5 వరుసలు, వరుసకు 11 చొప్పున 55 వింతజీవాలు. కొన్ని పీతల్లా ఉంటాయి, కొన్ని ఆక్టోపస్‌లా ఉంటాయి. కవాతు చేస్తూ అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నడుస్తూ మన మీదికి దిగుతుంటాయి. కింద మనకొక చిన్న ఫిరంగి. కొట్టేకొద్దీ మిగిలినవి వేగం పుంజుకుంటాయి. ఒక్కటే మిగిలినప్పుడు దాని పరుగు చూడాలి!

ఆ ఆటను తయారుచేసిన ఇంజనీరు పేరు టొమోహిరో నిషికాడో. ఈ వేగం ఆయన ముందుగా అనుకుని పెట్టింది కాదు. లోపల ఉన్నది ఇంటెల్ 8080 ప్రాసెసర్. 55 బొమ్మలను గీసి కదిలించడం దానికి మోయలేని బరువు. అందుకే మొదట్లో నత్తనడక. కొన్ని పోగానే బరువు తగ్గి దానికి ఊపిరాడేది, మిగిలిన వాటిని చకచకా నడిపించేది. నిషికాడో అది గమనించాడు. సరిచేయకుండా అలాగే ఉంచేశాడు. ఆట ప్రాణం అక్కడే ఉందని పసిగట్టాడు.

ఈ సంగతి నాకు తెలిసింది పెద్దయ్యాకే. చిన్నప్పుడు ఆ యంత్రాన్ని నేను చూడలేదు, మా ఊరికి అది రాలేదు. మా ఊరికి వచ్చింది ముస్తఫా.

ముస్తఫా అనగానే నలభై దాటిన శ్రోతల్లో కొందరి బొటనవేళ్ళు కదిలే ఉంటాయి. ఆ ఆట అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్. 1993లో జపాన్ కంపెనీ కాప్‌కామ్ చేసింది. మార్క్ షుల్ట్జ్ అనే అమెరికన్ చిత్రకారుడి కామిక్స్ దానికి ఆధారం. అందులో నలుగురు వీరులు. జాక్, హన్నా, ముస్తఫా, మెస్. కంపెనీవాళ్ళ దృష్టిలో నాయకుడు జాక్. మా దృష్టిలో మాత్రం పసుపురంగు టోపీ పెట్టుకున్న ముస్తఫాయే. స్టిక్కును ముందుకు రెండుసార్లు నెట్టి బటన్ నొక్కితే గాల్లోకి లేచి రెండు కాళ్ళతో తన్నేవాడు. అందరికన్నా వేగం వాడిదే. అసలు పేరు పలకడానికి మాకు నోరు తిరగలేదు, తిరగాల్సిన అవసరమూ రాలేదు. ఆటకు వాడి పేరే పెట్టేసుకున్నాం. మా ఊరొక్కటే కాదు, దేశమంతా ఆ ఆటను ఆ పేరుతోనే పిలిచారని తర్వాత తెలిసింది. ఎవరూ ప్రకటన ఇవ్వలేదు, ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఎక్కడికక్కడ పిల్లలే నామకరణం చేసేశారు. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

మాది తెనాలి. బోసు రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో వీడియో గేమ్స్ షాపు ఉండేది. షాపంటే ఒక గది, దానికో రేకుల వసారా. మూడు పెట్టెలు. మనిషెత్తు చెక్క పెట్టె, అందులో వాలుగా బిగించిన టీవీ, దాని కింద స్టిక్కులు, రంగు బటన్లు, ఇంకా కింద కాయిన్ వేసే చీలిక. వెలుతురు పడితే తెర కనపడదని తలుపు దగ్గర గోనెపట్టా వేలాడదీసేవారు. పట్టా తీసుకుని లోపలికి అడుగుపెడితే ఒక్కసారిగా చీకటి, ఉక్కపోత, వేడెక్కిన పిక్చర్ ట్యూబు వాసన. మూడు పెట్టెలూ ఒకేసారి మోగుతుంటే ఎవరి మాటా ఎవరికీ వినపడేది కాదు. షాపాయన్ని అందరం బాబాయ్ అనేవాళ్ళం. ఆయన గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని నోట్లకు చిల్లర ఇచ్చేవారు. అంతకుమించి మాట్లాడేవారు కాదు. కరెంటు పోతే మాత్రం, ఆట మధ్యలో పోయినవాడికి తన జేబులోంచి తీసి రూపాయి తిరిగి ఇచ్చేవారు. ఆ ధర్మం ఆయన ఏనాడూ తప్పలేదు.

రూపాయికి రెండు లైఫులు. 1995లో పదకొండేళ్ళ పిల్లవాడికి రూపాయి అంటే ఏమిటో ఇవాళ చెప్పడం కష్టం. 1992 నుంచి వచ్చిన ఆ స్టీలు బిళ్ళ, 4.85 గ్రాముల బరువు. కరివేపాకుకు పంపితే మిగిలింది, పచారీ కొట్టులో లెక్క చూసి తెచ్చిన చిల్లర, అమ్మమ్మ ఊరెళ్తూ చేతిలో పెట్టింది. అలా వారమంతా కూడబెడితే ఆదివారానికి మూడో నాలుగో అయ్యేవి. అవి అరచేతిలో చెమటపట్టేదాకా పట్టుకుని, ముందు ఊరికే నిలబడేవాణ్ణి. వేరేవాళ్ళు ఆడుతుంటే వెనక నిలబడి చూడటమే సగం ఆట. ఏ డ్రమ్ము పగలగొడితే తిండి వస్తుంది, ఎక్కడ తుపాకి దొరుకుతుంది, రెండో స్టేజి చివర రెండు కత్తులు పట్టుకుని వచ్చే బుచ్చర్ ఎప్పుడు మీదికి దూకుతాడు, ఇవన్నీ ఇంకొకడి రూపాయి మీద నేర్చుకోవాలి. నేర్చుకోకుండా సొంత కాయిన్ వేసినవాడు మూడు నిమిషాల్లో పక్కకు తప్పుకోవాల్సిందే.

కాయిన్ ఒక్కటే ఉండి ఇద్దరం ఉంటే పంచుకునేవాళ్ళం. ఒకడు స్టిక్కు పట్టుకుంటే రెండోవాడు బటన్లు నొక్కాలి. ఒక ముస్తఫాకు రెండు బుర్రలన్నమాట. మాట్లాడుకునే టైముండదు. వాడు తిప్పబోతున్నాడని భుజం కదలికను బట్టి తెలియాలి. అలా ఆడిన మిత్రుడు ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో నాకు తెలియదు. వాడి భుజం కదలిక మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మూడో స్టేజిలో కారు వస్తుంది. అదే ఆట పేరులోని కాడిలాక్. అక్కడిదాకా వెళ్ళిన కుర్రాడి వెనక కనీసం పదిమంది మూగేవాళ్ళు. కారు ఎక్కిన క్షణాన గదిలో పడిన కేకలకు ఒకసారి పక్కింటివాళ్ళు వచ్చి బాబాయ్‌తో గొడవ పెట్టుకున్నారు.

పక్క పెట్టెలో స్ట్రీట్ ఫైటర్ 2 ఉండేది, 1991 నాటిది. అందులో భారతదేశం తరఫున ధాల్సిమ్ అనే యోగి. మెడలో పుర్రెలు, సాగే చేతులు, నోట్లోంచి మంటలు. వాడు పోట్లాడే చోట వెనక ఏనుగులు నిలబడి ఉంటాయి. మా దేశాన్ని ఇలా అనుకుంటున్నారా అని అప్పుడు తట్టలేదు. అంత దూరపు యంత్రంలో మనవాడొకడు ఉన్నాడని పొంగిపోయాం, అంతే. ఆ పుర్రెల సంగతి పెద్దయ్యాక నొచ్చుకునేలా చేసింది.

ఈ పాత ఆటలంటే ఇంత ప్రేమ ఎందుకని చాలాసార్లు ఆలోచించాను. వాటి తయారీ కథలు చదివేకొద్దీ నాకొకటి అర్థమైంది. ఆ గాజు తెరకు అటువైపు ఉన్నవాళ్ళకూ కరువే, ఇటువైపు ఉన్న మాకూ కరువే. వాళ్ళకు మెమరీ కరువు, మాకు రూపాయి కరువు. ఆ రెండు కరువులూ కలిసిన చోట పుట్టిన తెలివి ఉందే, అది నన్ను ఈనాటికీ వదలదు.

1981లో నింటెండో కంపెనీకి అమెరికాలో పెద్ద చిక్కు వచ్చిపడింది. రాడార్ స్కోప్ అనే ఆట అమ్ముడుపోక సుమారు 2000 పెట్టెలు మిగిలిపోయాయి. ఆ పెట్టెల్లోకే ఎక్కించేలా కొత్త ఆటొకటి ఆలోచించమని షిగెరు మియామోటో అనే కుర్ర డిజైనరుకు అప్పగించారు. అతను చేసింది డాంకీ కాంగ్. అందులో పీపాల మీంచి దూకుతూ పోయే వడ్రంగికి దక్కిన చోటు అడ్డంగా 16 చుక్కలు, నిలువునా 16 చుక్కలు. అంత చోటులో ముక్కూ నోరూ విడిగా ఎలా గీస్తాం? అందుకని పెద్ద ముక్కు, కింద మీసం. జుట్టు గాల్లో ఎగరడం గీయలేక టోపీ. చేతులు ఊపడం కనపడాలని చొక్కా ఒక రంగు, పైన వేసుకున్న పనిబట్టలు ఇంకో రంగు. అతనే తర్వాత మారియో అయ్యాడు. లోకమంతా ఎరిగిన ఆ మీసం చోటు చాలక మొలిచిన మీసం.

ఇంకా వెనక్కి వెళ్తే 1972. కాలిఫోర్నియాలో సన్నీవేల్ అనే ఊరు. ఆండీ క్యాప్స్ అనే మద్యశాలలో అటారీ కంపెనీ తన మొదటి పాంగ్ యంత్రాన్ని పెట్టింది. రెండు గీతలు, ఒక చుక్క, బల్ల మీద టెన్నిస్. కొన్నాళ్ళకు యంత్రం పాడైందని ఫోన్ వచ్చింది. దాన్ని తయారుచేసిన అలన్ ఆల్కార్న్ స్వయంగా వెళ్ళి తెరిచి చూస్తే పాడైందేమీ లేదు. నాణేలు పడే డబ్బా నిండిపోయి, పొంగి, ఇంకో నాణెం దిగే చోటు లేదు! ఆ మద్యశాలలో నాణెం పట్టుకుని తన వంతు కోసం నిలబడ్డ మనిషిని నేనెప్పుడూ చూడలేదు కానీ బాగా ఎరుగుదును. మా సందులో నా ముందు నిలబడ్డవాడే.

ఇక ప్యాక్‌మ్యాన్ సంగతి. ఇది కొంచెం తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే ఇందులో మా అక్క ఉంది.

1970ల చివర్లో జపాన్ గేమ్ సెంటర్లలో ఎక్కడ చూసినా మగపిల్లలే, ఎక్కడ చూసినా కాల్చే ఆటలే. నామ్‌కో కంపెనీలో పనిచేసే తోరు ఇవాతానికి అది నచ్చలేదు. ఆడవాళ్ళు కూడా వచ్చి సరదాగా ఆడే ఆట చేయాలనుకున్నాడు. చంపడం కాకుండా తినడం చుట్టూ అల్లితే? ఒక ముక్క తీసేసిన పిజ్జాలాంటి పసుపు మూతి. జపాన్ భాషలో నోరు తెరుస్తూ మూస్తూ తినే చప్పుడును ‘పాకు పాకు’ అంటారు, మనం గుటుక్కు గుటుక్కు అన్నట్టు. 1980లో వచ్చింది. మొదటి పేరు పక్ మ్యాన్, అమెరికాకు వెళ్ళేటప్పుడు ప్యాక్‌మ్యాన్ అయింది.

గళ్ళదారుల్లో 244 చుక్కలు తినాలి. నాలుగు దయ్యాలు వెంటపడతాయి. నాలుగూ ఒకేలా కనిపిస్తాయి, రంగులే తేడా. కానీ నాలుగింటి బుద్ధులూ వేరు. ఎర్రది నువ్వున్న చోటికే వస్తుంది. గులాబీది నువ్వు చూస్తున్న దిక్కున నాలుగు గళ్ళు ముందుకు లెక్కగట్టి అక్కడ మాటువేస్తుంది. నీలంది ఎర్రది ఎక్కడుందో చూసుకుని దాన్ని బట్టి తన దారి ఎంచుకుంటుంది. నారింజరంగుది దూరంగా ఉన్నంతసేపూ మీదికి వస్తుంది, ఎనిమిది గళ్ళ లోపుకు రాగానే మనసు మార్చుకుని తన మూలకు పోతుంది. ఒక్కోదానికి ఒక్క వాక్యం చాలు. ఆ నాలుగు వాక్యాలు కలిసి తరుముతుంటే ఎవరో కూర్చుని కుట్ర పన్నుతున్నట్టే ఉంటుంది. ఇవాతాని ఇంకో దయ చూపించాడు. అదేపనిగా తరిమితే ఆడేవాడు విసిగిపోతాడని, మధ్యమధ్య దయ్యాలు వాటంతటవే వెనక్కి తగ్గేలా పెట్టాడు. 2012లో న్యూయార్క్‌లోని మ్యూజియమ్ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఈ ఆటను తన సేకరణలోకి తీసుకుంది. వాళ్ళు తీసుకోకపోయినా నేను దీన్ని కళ అనే అనేవాణ్ణి.

టోక్యోలో ఒకాయన ఆడవాళ్ళు రావాలని ఇంత ఆలోచించాడు. పదిహేనేళ్ళ తర్వాత మా సందులో గోనెపట్టా దాటి ఒక్క ఆడపిల్ల లోపలికి రాలేదు. ఎవరూ రావద్దని బోర్డు పెట్టలేదు. రాకూడదని అందరికీ తెలుసు, అంతే. మా అక్క నాకన్నా రెండేళ్ళు పెద్ద. ట్యూషన్ నుంచి వస్తూ నన్ను ఇంటికి లాక్కెళ్ళడానికి ఆ సందులోకి వచ్చేది. గుమ్మానికి నాలుగడుగుల దూరంలో ఆగి, ‘ఒరేయ్, అమ్మ పిలుస్తోంది రా’ అని అరిచేది. పట్టా గాలికి కొంచెం తొలగినప్పుడు లోపలి నీలం వెలుగు కేసి చూసేది.

రాత్రి డాబా మీద పడుకున్నాక అడిగేది, ‘ఇవాళ ఎందాకా వెళ్ళావురా?’ అని. నేను చెప్పేవాణ్ణి. ఒక్కటీ వదలకుండా చెప్పించుకునేది. ఎడమవైపు ఏముంది, డ్రమ్ములు ఎన్ని, అందులో ఏ డ్రమ్ములో ఏముంది. నా పాత లెక్కల నోటుబుక్కు చివరి పేజీల్లో స్టేజిలన్నీ బొమ్మలుగా గీయించింది. ‘హన్నాని ఎవరూ తీసుకోరా?’ అని ఒకసారి అడిగింది. తీసుకోరన్నాను. ‘ఎందుకు?’ అంది. నా దగ్గర జవాబు లేదు.

2000 దాటేసరికి ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాయి, ఇళ్ళలోకి కంప్యూటర్లు వచ్చాయి. బాబాయ్ షాపు కొన్నాళ్ళు ఎస్‌టీడీ బూతయింది, తర్వాత సెల్‌ఫోన్ రీఛార్జి కొట్టయింది. ఆ పెట్టెలు ఎటుపోయాయో అడగాలని ఆనాడు తోచలేదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేరు. ఆటలు పుట్టిన జపాన్‌లోనూ పరిస్థితి మారింది. సెగా కంపెనీ తన గేమ్ సెంటర్ల వ్యాపారంలో ఎక్కువ వాటా 2020లో అమ్మేసి, 2022 జనవరిలో మిగిలింది కూడా వదిలేసుకుంది.

యంత్రాలు కూడా మనుషుల్లాగే వయసు మీదపడి పోతున్నాయి. పిక్చర్ ట్యూబులు ఇప్పుడు చేసేవాళ్ళు దాదాపు లేరు. ముస్తఫా సర్క్యూట్ బోర్డులో ఇంకో సంగతి ఉంది. నకళ్ళు తీయకుండా కాప్‌కామ్ అందులో ఒక రహస్య తాళం పెట్టింది. ఆ తాళంచెవిని గుర్తుపెట్టుకునే చిన్న మెమరీ ఒక బ్యాటరీ మీద బతుకుతుంది. బ్యాటరీ అయిపోయిన రోజున తాళంచెవిని మర్చిపోతుంది. బోర్డు చెక్కుచెదరకుండా ఉంటుంది, ఆట మాత్రం మొదలవదు. అభిమానులు కొందరు ఏళ్ళ తరబడి కూర్చుని ఆ చచ్చిన బోర్డులకు మళ్ళీ ప్రాణం పోసే మార్గం కనిపెట్టారు. ఎవరూ జీతమివ్వని పని అది. వాళ్ళకు చేతులెత్తి దణ్ణం పెడతాను.

అలాంటి ఇంకో మంచి పని 1997లో ఇటలీలో మొదలైంది. నికోలా సాల్మోరియా అనే ప్రోగ్రామరు మేమ్ అనే సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టాడు. పాత యంత్రం లోపలి తీరును మామూలు కంప్యూటరు అచ్చంగా అనుకరించేలా చేస్తుంది అది. అందులో కాయిన్ వేయడమంటే కీబోర్డు మీద 5 అంకె నొక్కడమే. కొన్నేళ్ళ కిందట ఒక రాత్రి ఒంటరిగా కూర్చుని అందులో ముస్తఫా ఆడాను. చచ్చినప్పుడల్లా 5 నొక్కాను. చిన్నప్పుడు ఎన్నడూ చూడని ఎనిమిదో స్టేజిని చూశాను, ఆట పూర్తయింది. ఎన్నిసార్లు చచ్చానో లెక్కే లేదు. తెర మీద పేర్లు పైకి పోతుంటే నాకు ఏ సంతోషమూ కలగలేదు. బుచ్చర్‌ని చూసి భయం వేయలేదు. డ్రమ్ములో తిండి దొరికితే ఆకలి తీరినట్టు అనిపించలేదు.

మొన్న సంక్రాంతికి అక్క పిల్లలతో వచ్చింది. భోజనాలయ్యాక ఆ మాటా ఈ మాటా మీద ముస్తఫా సంగతి వచ్చింది. కంప్యూటర్లో ఉందని చెప్పాను. ‘పెట్టు’ అంది. రెండు స్టిక్కులు తగిలించాను. 5 నొక్కితే కాయిన్ పడుతుంది, ఎన్నయినా నొక్కొచ్చు అని చూపించబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. లోపలికి వెళ్ళి దేవుడి గూట్లోంచి రూపాయి బిళ్ళలు తెచ్చింది. నాకు ఐదు, తనకు ఐదు. మధ్యలో ఖాళీ హార్లిక్స్ సీసా పెట్టింది. ‘సీసాలో బిళ్ళ పడితేనే బటన్’ అంది. పిల్లలు వెనక నిలబడ్డారు.

తెర మీద నలుగురి బొమ్మలు వచ్చాయి. అక్క అడగకుండానే హన్నా మీదికి జరిపింది.

ఎప్పుడూ స్టిక్కు పట్టని మనిషి. దూకబోయి తన్నింది, తన్నబోయి దూకింది. మొదటి స్టేజి సగంలోనే పవర్ అడుగంటింది. నేను అరవబోయేలోగా శత్రువులను వదిలేసి, తెర మీద కిందివైపుకు నడిచి, అక్కడున్న రెండు డ్రమ్ముల్లో రెండోదాన్ని పగలగొట్టి తిండి తీసుకుంది. నా వైపు చూడలేదు. నేను ఆ స్టేజి బొమ్మ గీసి ముప్పై ఏళ్ళు దాటింది.

రెండో స్టేజి చివర బుచ్చర్ వచ్చాడు. పిల్లలు ‘అమ్మా, పక్కకి రా, పక్కకి రా’ అని గోల. ఇద్దరం పడిపోయాం. తెర మీద అంకెలు మొదలయ్యాయి. 9... 8... అక్క చేతిలో బిళ్ళలు అయిపోయాయి. నా అరచేతిలో ఒక్కటుంది, చెమటకు తడిసి. 7... 6...

‘వెయ్యరా’ అంది అక్క. ‘స్టిక్కు నేను పట్టుకుంటా, బటన్లు నువ్వు నొక్కు.’